తగదని రాసిన చెయ్యి

యోమ్ ఇన్‌సుక్ ముప్ఫైనాలుగేళ్లు పాటలు చూసే ఉద్యోగం చేసింది. పాటలు చూడటం ఉద్యోగమెలా అవుతుందే అని ఆమె తల్లి చనిపోయేదాకా అడుగుతూనే ఉండేది. మా టీవీ సంస్థలో ఏ పాట ప్రసారం కావాలన్నా ముందు సెన్సార్ విభాగం దాన్ని చూడాలి. అందులో ఏడుగురు. ఆరుగురు మగవాళ్లు, ఇన్‌సుక్ ఒక్కతే ఆడమనిషి. అందరికన్నా ముందు ఆమె ఒంటరిగా కూర్చుని చూసి, ఏ నిమిషం ఏ సెకనులో ఏముందో కాగితం మీద రాస్తుంది. గురువారం పొద్దున ఆ కాగితం ముందు పెట్టుకుని ఏడుగురూ తేలుస్తారు.

నేను పక్క గదిలో వీడియోలు కత్తిరించే పనిలో ఉండేదాన్ని. మా రెండు గదుల మధ్య గోడకి బదులు అద్దం ఉండేది. పదమూడేళ్ల పాటు తల తిప్పితే చాలు, ఇన్‌సుక్ పక్క మొహం కనిపించేది. హెడ్‌ఫోన్ ఒరిపిడికి ఎడమ చెవి పైన ఆమె జుట్టు పల్చబడిపోయింది. తెర మీద ఎవరు ఎంత ఊగినా ఆమె మొహంలో ఏమీ కదిలేది కాదు. కరెంటు మీటరు చూసి అంకె రాసుకునే మనిషిలా రాసుకునేది.

"ఒక నిమిషం పన్నెండు సెకన్లు. కుడి చెయ్యి తొడ మీద. మార్చాలి."

"రెండు నిమిషాల నాలుగు సెకన్లు. మంచం. తగదు."

ఆమె గున్సాన్ నుంచి సియోల్ వచ్చింది 1990లో. అప్పుడు పాటల మాటలు టైపు కొట్టడమే పని. పాడేవాళ్లు మైకు ముందు నిలబడి పాడి వెళ్లిపోయేవాళ్లు. తర్వాత్తర్వాత పాట వినడం తగ్గి చూడటం పెరిగింది. ఐదుగురు, ఏడుగురు, తొమ్మిదిమంది ఆడపిల్లల జట్లు వచ్చాయి. వాళ్ల బట్టలు పొట్టివయ్యాయి, ఆ తర్వాత ఇంకా పొట్టివయ్యాయి. ఇంకొన్నేళ్లకి బట్టలు అలాగే ఉండి మాటలు మారాయి. నేనెవరి సొత్తూ కాదు, నా ఒళ్లు నా ఇష్టం, నేనే రాణిని. ఒక్కోసారి ఆ మాట పాడే పిల్ల మనసు పెట్టి పాడుతున్నట్టే ఉండేది. ఒక్కోసారి ఎవరో రాసిచ్చింది ఒప్పజెప్పుతున్నట్టుండేది. కెమెరా మాత్రం రెండిట్లోనూ కాళ్ల దగ్గర మొదలయ్యేది.

ఒకసారి ఇన్‌సుక్ హెడ్‌ఫోన్ తీసి మా గదిలోకి వచ్చింది.

"ఓక్‌జూ, పిల్లల నోరు ఒకటి చెప్తోంది, కెమెరా ఇంకోటి చెప్తోంది. నేను దేన్ని రాయాలి?"

"మీ ఫారంలో దేనికి గడి ఉంది అక్కా?"

"కెమెరాకి ఉంది. నోటికి ఉంది. రెండూ కలిసి అబద్ధమాడితే రాయడానికే గడి లేదు."

అలా అనేసి మళ్లీ వెళ్లి కూర్చుంది.

ఆమెకి ఎవరూ లేరు. మాంగ్వన్ మార్కెట్ వెనక సందులో ఒంటి గది. ఇరవై ఎనిమిదో ఏట పెళ్లయింది. భర్త ఇంచాన్‌లో లెక్కల మాస్టారు. మూడేళ్లకి విడిపోయారు. ఎందుకని ఆఫీసులో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. మధ్యాహ్నం కిందికి దిగి సముద్రపాచి చుట్టిన అన్నం ముద్ద ఒకటి కొనుక్కుని, కిటికీ వైపు తిరిగి తినేది. పండగ సెలవుల్లో డ్యూటీ ఎవరు చేస్తారని అడిగితే ఆమె పేరు ముందే రాసి ఉండేది.

ఇన్నేళ్లలో ఆ ఉద్యోగం గురించి ఆమె సంతోషంగా చెప్పుకున్న సంగతి ఒక్కటే ఉంది. నాకే నాలుగైదుసార్లు చెప్పింది.

2012లో ఒక కొత్త జట్టు వచ్చింది. ఐదుగురు పిల్లలు. ఆ పాటలో వాళ్లు మోకాళ్ల మీద నేలంతా పాకుతూ నడుము తిప్పే డాన్సు ఒకటుంది. ఇన్‌సుక్ ఆ ముక్క మొత్తానికి తగదని రాసింది. కంపెనీవాళ్లు తిట్టుకుంటూ డాన్సు మార్చుకున్నారు. మార్చిన డాన్సు రికార్డింగు రోజున ఇన్‌సుక్ ఆడవాళ్ల బాత్రూంలో చేతులు కడుక్కుంటూంటే, ఆ ఐదుగురిలో ఒకమ్మాయి కాలు సింకు మీద పెట్టి మోకాలి మీద పాత బ్యాండేజీ పీక్కుంటోంది. పంతొమ్మిదేళ్ల పిల్ల. పేరు గిల్ సేబోమ్.

"మేడమ్, పాకే డాన్సు ఆపించింది మీరేనా?"

"ఎవరు చెప్పారు?"

"మా మేనేజరు. ఇక్కడెవరో ముసలావిడ కూర్చుని అన్నీ ఆపుతుందని తిడుతున్నాడు. నాకెందుకో మీరే అనిపించింది."

అప్పటికి ఇన్‌సుక్‌కి నలభై ఎనిమిది. ముసలావిడ అన్నమాటకి నవ్వొచ్చిందట.

"నేనే," అంది.

ఆ పిల్ల కాలు దింపి, నడుం దాకా వంగి దణ్ణం పెట్టింది. "మోకాళ్లు రెండూ చెక్కుకుపోయాయి మేడమ్. వద్దంటే వినేవాళ్లు లేరు. నిన్న మా అందరికీ నిద్రపట్టింది," అంది. సంచిలోంచి చిన్న టానిక్ సీసా తీసి ఇన్‌సుక్ చేతిలో పెట్టి పరిగెత్తింది.

"నా ఉద్యోగంలో నాకు దణ్ణం పెట్టింది ఆ ఒక్క పిల్లే ఓక్‌జూ," అనేది ఇన్‌సుక్. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతు వేరుగా ఉండేది. తను ఆ గదిలో కూర్చుని ఎవరినో కాపాడుతున్నానని ఆమె ఆ రోజు నుంచి నమ్మింది. ఆ నమ్మకం మీదే ఇంకో తొమ్మిదేళ్లు నడిచింది.

ఆ జట్టు నాలుగేళ్లకి విడిపోయింది. మిగతా పిల్లలు ఏమయ్యారో తెలియదు. 2021 వసంతంలో సేబోమ్ పాట ఒకటి మా దగ్గరికి వచ్చింది. కంపెనీ లేదు, మేనేజరు లేడు. పాట రాసింది తనే, తీసింది తనూ ఇద్దరు స్నేహితురాళ్లూ.

ఆ వారం అంతా ఇన్‌సుక్ ఎక్కువసేపు ఆ వీడియోనే చూసింది. మామూలుగా ఏ పాటైనా మూడుసార్లు చూస్తుంది. ఇది పంతొమ్మిదిసార్లు. అద్దంలోంచి నాకు తెర కనిపించేది. వంటింట్లో సేబోమ్ బియ్యం కడుగుతూంటుంది. వదులు ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, జుట్టు రబ్బరు బ్యాండుతో పైకి కట్టి ఉంటుంది. ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. కెమెరా ఆమె మొహం మీద నిలబడుతుంది. మూడు నిమిషాల నలభై సెకన్లు అక్కడే ఉంటుంది.

మాటలే అసలు సంగతి. తను ఇష్టపడ్డ మనిషితో తనకేం కావాలో చెప్తుంది. తొందరపడకు అంటుంది. ముందు నా పేరు పిలువు, పిలిచి ఆగు అంటుంది. మెడ దగ్గర మొదలుపెట్టు, నాకు బాగుందో లేదో నన్నడుగు, అడిగితే చెప్తాను అంటుంది. కూరగాయలవాడికి ఏ బెండకాయలు కావాలో చెప్పినంత మామూలుగా, సిగ్గుపడకుండా, కవ్వించకుండా చెప్తుంది.

బుధవారం ఇన్‌సుక్ మా గదికి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"మీ ఆయన్ని నువ్వెప్పుడైనా ఇలా అడిగావా?"

"మా ఆయన్ని టీవీ సౌండు తగ్గించమని అడగడానికే ఓపిక లేదు అక్కా."

ఆమె నవ్వలేదు. మెషిన్ పక్క స్టూలు లాక్కుని కూర్చుంది.

"నేనడిగాను," అంది.

నేను మెషిన్ ఆపేశాను.

"పెళ్లయిన రెండో ఏడు. ఇంతకన్నా చిన్న మాటే. కాస్త నెమ్మదిగా అన్నాను, అంతే. ఆయన లేచి కూర్చుని లైటు వేశాడు. ఇవన్నీ ఆఫీసులో చూసి నేర్చుకుంటున్నావా అన్నాడు. ఆ తర్వాత ఏడాది నన్ను ముట్టుకోలేదు. విడాకుల కాగితం మీద స్వభావాలు కలవలేదని రాశారు."

చల్లారిపోయిన కాఫీ ఆమె ముందుకి జరిపాను. తాగింది.

"ఇరవై ఆరేళ్లయింది ఓక్‌జూ. నేనేదో పాడు మాట అన్నాననే అనుకుంటూ ఉన్నాను. ఈ పిల్ల బియ్యం కడుగుతూ అనేస్తోంది."

ఆ పాట కాగితంలో ఇన్‌సుక్ ఒక్క సెకను కూడా రాయలేదు. "అభ్యంతరం లేదు" అని మాత్రం రాసి సంతకం పెట్టింది.

గురువారం మీటింగులో వీడియోలు ఆడించడానికి నేను కూడా ఉన్నాను. ముందు ఇంకో పాట వచ్చింది. స్కూలు యూనిఫాం వేసుకున్న ఆరుగురు పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు నీళ్లు చల్లుకుంటూ, మేమే మా రాజ్యానికి రాణులం అని పాడతారు. మా విభాగాధిపతి ప్యోన్ దొక్‌సూ కళ్లజోడు సర్దుకున్నాడు. మంచివాడే. కాన్పు సెలవు నుంచి నేను తిరిగొస్తే పండ్లబుట్ట తెచ్చిచ్చిన మనిషి.

"ఆడపిల్లలకి ధైర్యం చెప్పే పాట. హుషారుగా ఉంది. ప్యాస్."

తర్వాత సేబోమ్ పాట వేశాను. అయిపోయింది. ఒకాయన మాస్కు కింద దగ్గాడు.

"యోమ్ గారూ, కళ్లజోడు మార్చుకోవాలేమో మీరు. అభ్యంతరమే లేదని రాశారు," అన్నాడు ప్యోన్.

"ఎక్కడుంది సార్ అభ్యంతరం? బట్టలు నిండుగా ఉన్నాయి. మగవాడు లేడు. మంచం లేదు."

"లేకపోవడమే ఇబ్బందిగా ఉంది. ఉంటే ఆ ముక్క కోసేయమనేవాళ్లం. ఇదంతా మాటల్లో ఉంది. పిల్లలు అన్నం తింటూంటే ఇది వస్తే ఏ తల్లి ఏం చెప్తుంది?"

ఆరుగురూ తగదన్నారు. ప్యోన్ ఫారం ఇన్‌సుక్ వైపు తోశాడు.

"కారణం మీ చేత్తో రాయండి. ఆడమనిషి సంతకం ఉంటే బాగుంటుంది. మేం రాస్తే మగాళ్లు ఆడదాని నోరు మూయించారని అంటారు."

ఆమె రాయదనుకున్నాను. రాసింది. చదువుకున్నవాళ్ల గుండ్రటి అక్షరాలతో, ఎక్కడా ఆగకుండా: "స్త్రీ శారీరక కోరికను నేరుగా వ్యక్తం చేయడం వల్ల కుటుంబ ప్రేక్షకులకు తగదు." కింద సంతకం.

బయటికొచ్చాక మెట్ల దగ్గర పట్టుకున్నాను. "ఎందుకు రాశావక్కా?"

"తెలీదు. ఫారం ముందుకొచ్చింది, రాశాను," అంది. చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది.

పది రోజుల తర్వాత సేబోమ్ మళ్లీ పరిశీలించమనే అర్జీ పట్టుకుని స్వయంగా వచ్చింది. కింద రిసెప్షన్‌లో ఎవరూ ఆమెను గుర్తుపట్టలేదు. ఇన్‌సుక్ గుర్తుపట్టింది. మాట్లాడాలి రమ్మని వీధి చివర నూడుల్స్ సూపు హోటలుకి తీసుకెళ్లింది. కరోనా రోజులు కదా, బల్ల మధ్య ప్లాస్టిక్ అడ్డం. రెండు గిన్నెలు వచ్చాయి. వాళ్లు మాట్లాడుకున్నది తర్వాత ఇన్‌సుక్ నాకు మాట పొల్లుపోకుండా చెప్పింది.

"ఫారం మీద యోమ్ ఇన్‌సుక్ అని ఉంది. ఆ రోజు బాత్రూంలో మీరేనా? పేరు అడగలేదు నేను," అంది సేబోమ్.

"నేనే."

"ఇది రాసిందీ మీరేనా?"

"నేనే."

మగవాళ్ల మీదికి తోసేయొచ్చు. తోయలేదు.

సేబోమ్ చాప్‌స్టిక్స్ పక్కన పెట్టింది. "ఏ సెకనులో తగదనిపించింది మేడమ్? అదొక్కటి చెప్పండి. నిజంగా తెలుసుకుందామనే వచ్చాను."

"ఏ సెకనులోనూ అనిపించలేదు."

"మరి?"

ఇన్‌సుక్ గిన్నెలో నూడుల్స్ కలిపింది.

"అప్పుడు నాకు నోరు లేదు మేడమ్. వద్దని చెప్పడం కూడా రాదు. నా బదులు మీరు వద్దన్నారు. ఎన్నోసార్లు తలుచుకున్నాను మిమ్మల్ని. ఇప్పుడు నాకు నోరొచ్చింది. నాకు కావాలి అంటున్నాను. ఇప్పుడూ నా బదులు మీరే వద్దంటే ఎలా?"

"టీవీలో రాకపోయినా ఫోన్లలో అందరూ చూస్తున్నారు కదమ్మా. మేం ఆపితే ఆగే రోజులు కావు."

"అందరూ చూస్తున్నారు. మా అమ్మ చూడదు." సేబోమ్ మాస్కు చేతిలోకి తీసుకుంది. "అమ్మది యోసు ఊళ్లో చేపల రేవు పక్కన హెయిర్ సెలూన్. బోర్డు మీద నా పేరే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా టీవీ మోగుతూనే ఉంటుంది. ఆమెకి ఫోన్లో వచ్చేది లెక్కలోది కాదు. టీవీలో వస్తేనే నేను పనిచేస్తున్నట్టు. ఈ పాటలో మొదటిసారి నేను నాలా ఉన్నాను. అది చూపించాలనుకున్నాను, అంతే."

తన గిన్నె బిల్లు తనే కట్టి వెళ్లిపోయింది. కోపంగా వెళ్లలేదు, అదే బాధ అంది ఇన్‌సుక్. నూడుల్స్ మిగిల్చింది.

మళ్లీ పరిశీలన నెల తర్వాత జరిగింది. ఆ మీటింగులో ఇన్‌సుక్ లేచి నిలబడింది. సాధారణంగా కూర్చునే మాట్లాడతారు. ఆమె చేతిలో కాగితముంది.

"నీళ్లు చల్లుకునే పిల్లల పాట లెక్కపెట్టాను సార్. కెమెరా కాళ్ల దగ్గర మొదలై పైకి పోవడం పన్నెండుసార్లు. అందులో ఇద్దరు పదిహేడేళ్లవాళ్లు. అది ప్యాస్ చేశాం. ఈ పాటలో కెమెరా మొహం దాటలేదు. పాడే మనిషికి ఇరవై ఎనిమిదేళ్లు. ఇది ఆపాం."

"ఆ పాట మాటలు వినండి యోమ్ గారూ. ఆత్మవిశ్వాసం, స్వతంత్రం—"

"ఆ మాటలు రాసిందెవరో ఫారంలో ఉంది సార్. నలభై ఆరేళ్లాయన. డాన్సు కట్టింది ఇంకొకాయన. పిల్లలు నీళ్లలో తడిశారు, అంతే. ఇది రాసిన మనిషే పాడుతోంది. ఏం కావాలో తనే చెప్తోంది. మనకి ఆడవాళ్ల ఒళ్లు ఇబ్బంది లేదు సార్. వాళ్లు అడిగితేనే ఇబ్బంది."

ఎవరూ ఆమె మొహం చూడలేదు. ఓట్లు పెట్టారు. ముగ్గురు సరేనన్నారు, నలుగురు వద్దన్నారు. ఒక్క ఓటు తేడా. ప్యోన్ ఫారం మళ్లీ ఆమె వైపే తోశాడు. ఆమె దాన్ని తిరిగి ఆయన ముందుకే జరిపింది. ఆఖరికి ఆ ఏడుగురిలో అందరికన్నా చిన్నవాడు తల వంచుకుని సంతకం పెట్టాడు.

తన పాత సంతకం కొట్టేయమని ఇన్‌సుక్ అర్జీ పెట్టుకుంది. అలాంటి పద్ధతి లేదన్నారు. వేసవి చివర ఆమెను కింది అంతస్తుకి మార్చారు. పాత రేడియో టేపుల డబ్బాల మీద చీటీలు సరిచూసే పని. కిటికీ లేని గది. శిక్ష అని ఎవరూ అనలేదు. కళ్లకి విశ్రాంతి అన్నారు. అద్దం అవతల కొత్తమనిషి వచ్చి కూర్చున్నాడు.

అక్టోబరులో ఒక శనివారం ఇన్‌సుక్ రైలెక్కి యోసు వెళ్లింది. ఎందుకు వెళ్తున్నావని అడిగితే, జుట్టు బాగోలేదు, ఉంగరాలు చుట్టించుకుందామని అంది.

రేవు పక్కన బోర్డు సులువుగానే దొరికింది. లోపల టీవీ మోగుతోంది. సేబోమ్ తల్లి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, జుట్టంతా చిన్న చిన్న పాయలు తీసి రోలర్లు చుట్టడం మొదలుపెట్టింది.

"ఈ ఎడమ పక్క ఏంటమ్మా ఇలా ఊడిపోయింది? మంగలోడేమన్నా పగబట్టాడా?"

"హెడ్‌ఫోన్ పెట్టుకుని పెట్టుకుని."

"ఏం పనో?"

"సియోల్‌లో టీవీ ఆఫీసు. పాటలు చూస్తాను. చూసేదాన్ని."

సేబోమ్ తల్లి చేతులు ఆగాయి. "మా అమ్మాయి టీవీలో పాడేది. ఈ మధ్యనొక పాట ఆపేశారంట."

"ఆపిన కాగితం మీద సంతకం నాదే," అంది ఇన్‌సుక్. అలా చెప్పేద్దామని రైల్లో మూడు గంటలు అనుకుంటూనే వచ్చిందట.

సేబోమ్ తల్లి లోపలికి వెళ్లింది. బయటికి తోసేస్తుందేమో, తల నిండా రోలర్లతో ఎక్కడికి పోవాలని ఇన్‌సుక్ అనుకుంది. ఆమె ఒక పళ్లెంలో తొక్క తీసిన నారింజ రంగు పెర్సిమన్ పళ్లు పెట్టుకుని వచ్చింది.

"తినండమ్మా. మీకు దణ్ణం పెట్టాలి. అది టీవీలో వచ్చుంటే ఈ రేవులో నేను తలెత్తుకుని తిరగలేను. ఆపి పుణ్యం కట్టుకున్నారు."

ఇన్‌సుక్ పండు ముట్టుకోలేదు.

"మీరు ఆ పాట చూశారా?"

"నేనెందుకు చూస్తాను? చేపల కొట్టావిడ చెప్పింది. సిగ్గూశరం లేకుండా ఉందంట."

"నేను పంతొమ్మిదిసార్లు చూశాను. చెప్తాను వినండి."

"నాకొద్దమ్మా."

"ఎలాగూ నేను రెండు గంటలు ఈ కుర్చీలోంచి లేవలేను. మీరూ ఎక్కడికీ పోలేరు."

అలా అని, టీవీ సౌండు తగ్గించమని అడిగి, తనకి వచ్చిన పద్ధతిలోనే చెప్పడం మొదలుపెట్టింది. మొదటి సెకను. వంటిల్లు. మీ అమ్మాయి బియ్యం కడుగుతోంది. ఎడమ కిటికీలోంచి ఎండ పడుతోంది. పదకొండో సెకను. తలెత్తి చూసింది. ఇరవై రెండో సెకను, మొదటి మాట, తొందరపడకు. అలా మూడు నిమిషాల నలభై సెకన్లూ, ప్రతి మాటా, మధ్యలో ఊపిరి పీల్చుకున్న చోట్లతో సహా చెప్పింది. మెడ దగ్గర మొదలుపెట్టు అన్న మాట దగ్గర కళ్లు మూసుకుందట. అయినా చెప్పింది. ఆ వయసులో, తల నిండా గులాబీ రంగు రోలర్లతో, ఎవరో తెలియని ఆడమనిషి ముందు ఆ మాటలన్నీ పైకి అనడం ఆమెకి అదే మొదలు.

సేబోమ్ తల్లి వెనక నిలబడి ఉంది. అద్దంలో ఆమె మాస్కు మాత్రమే కనిపిస్తోంది.

"ఆ బియ్యం గిన్నె ఏ రంగు?" అంది ఒక రోలరు సరిచేస్తూ.

"పసుపు. ఒక అంచు సొట్టపోయింది."

"అది నేనిచ్చిందే. పిల్ల ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు సంచిలో పెట్టాను. ఇన్నాళ్లూ పారేసుంటుందనుకున్నా."

టైమరు గంట మోగాక తల కడిగింది. మెడ వంచండి, నీళ్లు కళ్లలో పడతాయి అంది. తుడుస్తూ, "టీవీలో వస్తే నాకు సిగ్గుగానే ఉండేది. మీకు అబద్ధం చెప్పను," అంది. తువ్వాలు మడిచి, "చూసేదాన్ని మాత్రం," అంది.

కూతురికి ఫోన్ చేస్తారా అని ఇన్‌సుక్ అడగలేదు. సేబోమ్ తల్లి చెప్పలేదు. వచ్చేటప్పుడు ఆవ ఆకుల కిమ్చీ పచ్చడి ఒక డబ్బాలో పెట్టి ఇచ్చింది. రైల్లో దాని వాసనకి పక్క సీటాయన లేచి వేరే చోట కూర్చున్నాడట. ఆ మాట చెప్పి ఇన్‌సుక్ నవ్వింది, నేనూ నవ్వాను. సేబోమ్‌కి ఈ ప్రయాణం సంగతి ఎప్పుడైనా తెలిసిందో లేదో నాకు తెలియదు. ఆమె ఇంకా పాడుతోంది. పెద్ద పేరేమీ రాలేదు. మా టీవీలో కూడా రాలేదు.

2024లో ఇన్‌సుక్ రిటైరయింది. వీడ్కోలు టీ దగ్గర ప్యోన్ నాలుగు మంచి మాటలు చెప్పాడు. ఆమె పెట్టె సర్దుకుని అందరికీ తలవంచి బస్సెక్కి వెళ్లిపోయింది. నేను తరచు వస్తానన్నాను. అప్పటికే మేం ఇంచాన్‌కి మారాం. రెండేళ్లలో రెండుసార్లు వెళ్లాను.

రెండోసారి వెళ్లినప్పుడు ఆమె చిన్న టీవీ ముందు నేల మీద పరుపు వేసుకుని కూర్చుంది. ఇప్పుడూ పాటలు చూస్తూనే ఉంది. కాగితం లేకుండా చూడటం మొదట్లో రాలేదు, చేతుల్ని ఏం చేయాలో తెలిసేది కాదు అంది. ఇప్పుడు బఠాణీలు వలుస్తూ చూస్తోంది. నేనూ ఒక గుప్పెడు తీసుకున్నాను. ఎవరో కొత్త పిల్లలు, నల్ల కోట్లు వేసుకుని, కెమెరా వైపు కళ్లార్పకుండా చూస్తూ ఆడుతున్నారు.

"ఒక్కదాన్నే చూస్తే ఎవరితో అనాలో తెలియదు," అంది. "బాగుందని కానీ, బాగోలేదని కానీ."

"ఫోన్ చెయ్యి అక్కా."

"నీకు పిల్లలున్నారు, పని ఉంటుంది."

ఉండదని నేను చెప్పలేదు. ఐదున్నర బస్సు అందుకోవాలని లేచాను. ఇంకొక్క పాట చూసి వెళ్లమంది. కూర్చున్నాను. ఆ పాట అయ్యాక ఆమె నాతో బస్‌స్టాప్ దాకా వచ్చింది, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే. బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూస్తే, అప్పటికే సందులోకి తిరిగి మెట్లెక్కుతోంది.